40 హెచ్‌పీ ఐడీ ఫ్యాన్‌కి ఏ వీఎఫ్‌డీ? ముగ్గురు డీలర్లు మూడు తీర్లు చెప్తున్నరు

యాసంగి_మిల్లు
మాది మిర్యాలగూడ దిక్కు బాయిల్డ్ రైస్ మిల్లు. బాయిలర్ ఐడీ ఫ్యాన్‌కి (పొగను చిమ్నీ దిక్కు లాగేది) 40 హెచ్‌పీ మోటారు, స్టార్ డెల్టా స్టార్టర్ మీద నడుస్తది. పొగ దారిల ఉండే డ్యాంపర్ మూత సగం మూసి నడిపిస్తున్నం. దీనికి వీఎఫ్‌డీ (మోటారు స్పీడు మార్చే డ్రైవ్) పెడదామని కొటేషన్లు అడిగిన.

ఒకాయన 30 కిలోవాట్ హెవీ డ్యూటీయే తీస్కోవాలె, ఫ్యాన్ బరువెక్కువ, లేకపోతే డ్రైవ్ కాలిపోతది అంటుండు. లక్షా 95 వేలు. ఇంకొకాయన నార్మల్ డ్యూటీ చాలు, లక్షా 40 వేలు అంటుండు. మూడో ఆయన ఏకంగా 37 కిలోవాట్‌ది 82 వేలకే ఇస్తా అని ఫోన్ మీద ఫోన్. ఆ కంపెనీ పేరు నేను ఎప్పుడూ వినలే.

పనిలో పని ఎలివేటర్లకు కూడా పెట్టించు, కరెంటు బిల్లు సగమైతది అంటున్నరు. 10 హెచ్‌పీవి నాలుగున్నయి. ఈ ఒక్క మాట మీద మాత్రం ముగ్గురిదీ ఒకటే పాట.

ప్యానెల్ బాయిలర్ పక్కనే ఉంటది. ఎండాకాలం అక్కడ మనిషి నిలబడలేడు. ఏది తీస్కోవాలె?

స్టార్‌డెల్టా_శీను
ఏదీ తీస్కోకు. నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుడు?

ప్యానెల్_బోర్డు
మోటారు నేమ్ ప్లేట్ వివరాలు పెట్టు అన్నా. హెచ్‌పీ కాదు, ఆంపియర్లు కావాలి. డ్యాంపర్ సగం ఉన్నప్పుడు టంగ్ టెస్టర్‌లో ఎంత చూపిస్తుందో అదీ చెప్పు.

యాసంగి_మిల్లు
30 కిలోవాట్, 415 వోల్టులు డెల్టా, 53 ఆంపియర్లు, 1470 ఆర్‌పీఎం. నడిచేటప్పుడు 38 ఆంపియర్లు గుంజుతున్నది. మోటారు పాతది, రీవైండింగ్ అయిన మోటారే.

ప్యానెల్_బోర్డు
ముందు హెవీ, నార్మల్ గొడవ తేల్చుకుందాం. అవి రెండు వేర్వేరు మెషిన్లు కావు. చాలా కంపెనీల్లో ఒకే డబ్బా మీద రెండు రేటింగులు ఉంటాయి. నార్మల్‌లో 30 కిలోవాట్ అని రాసిన డబ్బానే హెవీలో 22 అవుతుంది. తేడా ఓవర్‌లోడ్ దగ్గరే. నార్మల్ అంటే 110 శాతం కరెంటు ఒక నిమిషం మోస్తుంది, హెవీ అంటే 150 శాతం ఒక నిమిషం. నీకు లక్షా 95 చెప్పినాయన ఇచ్చేది బహుశా పై సైజు డబ్బా, అందుకే ఆ రేటు.

ఫ్యాన్‌కి స్పీడు తగ్గితే టార్క్ (తిప్పే బలం) స్క్వేర్‌లో పడిపోతుంది. కదిలేటప్పుడు దానికి పెద్దగా టార్క్ అక్కర్లేదు. బరువెక్కువైతే ర్యాంపు (స్పీడు పెరిగే టైము) 60 సెకన్లో 90 సెకన్లో పెట్టుకో, బాయిలర్ ఫ్యాన్‌కి తొందరేముంది. కాబట్టి నార్మల్ డ్యూటీ సరిపోతుంది. నువ్వు చూడాల్సింది డ్రైవ్ ఔట్‌పుట్ ఆంపియర్లు. మీ దగ్గరి వేడికి కోత వేసుకున్నాక కూడా 53 కంటే పైన ఉండాలి. 30 కిలోవాట్ నార్మల్ డబ్బాలకి మామూలుగా 60 అటూ ఇటూ ఉంటుంది.

ఆ 82 వేల డ్రైవ్ ప్లేటు ఫోటో తెప్పించు. కిలోవాట్లు చూడకు, ఔట్‌పుట్ కరెంటు గడి చూడు.

జుబైల్_నుంచి
పైన చెప్పింది కరెక్టే, కానీ ఆ వేడి కోత దగ్గరే అందరూ దెబ్బ తింటారు. చాలా కేటలాగుల్లో రేటింగ్ 40 డిగ్రీల దాకానే. ఆ పైన 50 వరకు డిగ్రీకి 1 శాతం చొప్పున కోసుకోవాలి. 61 ఆంపియర్ల డ్రైవ్ 50 డిగ్రీల్లో 55 అవుతుంది. మిల్లు అన్న మోటారు 53ది, అంటే బొటాబొటీ. గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకోటి: ఆ 50 ఊరి ఉష్ణోగ్రత కాదు, ప్యానెల్ లోపలిది. 30 కిలోవాట్ డ్రైవ్ ఫుల్ లోడ్‌లో 700, 800 వాట్ల వేడి వదులుతుంది. ప్యానెల్‌లో ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి తలుపేసినట్టే. బయట 44 ఉంటే లోపల 55 దాటుతుంది.

ఇక్కడ సౌదీలో మా సైట్లలో టెండర్లోనే 50 డిగ్రీల రేటింగ్ రాయిస్తారు. మన దగ్గర కొనేవాళ్ళు అడగరు, డీలర్లు చెప్పరు.

స్టార్‌డెల్టా_శీను
మా స్టార్టర్‌కి డిగ్రీలు లెక్క లేవు. ఉడుకుదాంట్లో వేసినా నడుస్తది.

జుబైల్_నుంచి
శీనన్నా, మీ స్టార్టర్ స్పీడు తగ్గించి చూపించు, నేను వచ్చి దండం పెడతా.

గోదారి_గట్టు
మాది తణుకు సైడ్ మిల్లండి. నేనొకటి అడుగుతా, అందరూ డ్రైవ్ సైజు దగ్గరే ఆగిపోయారు. ఫ్యాన్ బెల్టు మీద నడుస్తోందా, డైరెక్ట్ కప్లింగా? బెల్టయితే, డ్యాంపర్ ఎప్పుడూ ఒకే సగంలో ఉంటే, మోటారు పుల్లీ చిన్నది వేసి చూడండి. మూడు నాలుగు వేలతో పనయిపోద్ది. లక్షన్నర ఎందుకండీ.

ప్యానెల్_బోర్డు
గట్టు గారూ, నా కడుపు మీద కొడుతున్నారు. కానీ మాట నిజమే.

యాసంగి_మిల్లు
బెల్టే. కానీ డ్యాంపర్ ఒక్క తీరుగ ఉండది. ఊక తడిగ ఉంటే ఎక్కువ తెరుస్తం, డ్రయ్యర్లు రెండూ నడిస్తే ఎక్కువ, ఒకటే నడిస్తే తక్కువ. ఫైర్‌మన్ చెయ్యి వాటం మీద ఉంటది అంతా.

గోదారి_గట్టు
అయితే డ్రైవే కరెక్టండి. మా దాంట్లో లోడ్ మారదు కాబట్టి పుల్లీతో సరిపెట్టాం.

బాయిలర్_ఫస్ట్‌క్లాస్
ప్యానెల్_బోర్డు గారు "కదిలేటప్పుడు టార్క్ అక్కర్లేదు" అన్నారు. కదిలేటప్పుడు అక్కర్లేదు సరే, పొద్దున చల్లటి బాయిలర్ మీద ఫుల్ స్పీడుకి పోనిస్తే ఏమవుతుందో చెప్పలేదు. ఐడీ ఫ్యాన్‌ని డిజైన్ చేసేది 150, 180 డిగ్రీల పొగ కోసం. అదే ఫ్యాన్ 30 డిగ్రీల గాలి లాగితే గాలి బరువు ఒకటిన్నర రెట్లు ఉంటుంది, మోటారు లోడూ అంతే పెరుగుతుంది. అందుకే పాతకాలం నుంచీ డ్యాంపర్ మూసి స్టార్ట్ చేసి, పొగ వేడెక్కాక తెరవడం అలవాటు. డ్రైవ్ పెట్టాక డ్యాంపర్ పూర్తిగా తెరిచి వదిలేస్తారు కదా, అప్పుడు పొద్దున పూట ఫుల్ స్పీడు ఇస్తే నార్మల్ డ్యూటీ డ్రైవ్ ఓవర్‌లోడ్ చూపిస్తుంది. హెవీ చెప్పిన డీలర్ మాట పూర్తిగా కొట్టేయొద్దు.

ప్యానెల్_బోర్డు
పాయింటు బాగుంది, ఒప్పుకుంటా. కానీ దానికి మందు పెద్ద డ్రైవ్ కాదు సార్. మోటారే 53 ఆంపియర్లది. పెద్ద డ్రైవ్ పెట్టి 70 పంపిస్తే కాలేది మోటారు. కరెంట్ లిమిట్ 53 దగ్గర పెడితే డ్రైవ్ తనంతట తనే స్పీడు ఆపుకుంటుంది, పొగ వేడెక్కాక మెల్లగా పైకి పోతుంది. లేదంటే మొదటి అరగంట 35 హెర్ట్జ్ (ఫుల్ స్పీడు 50) దాటనివ్వకపోతే చాలు.

బాయిలర్_ఫస్ట్‌క్లాస్
అలా సెట్ చేస్తే సరే. ఎవరు చేస్తారన్నదే నా బాధ. కమీషనింగ్‌కి వచ్చిన కుర్రాడు బటన్ నొక్కి, ఫ్యాన్ తిరిగింది, సంతకం పెట్టండి అని పోతాడు.

రిటైర్డ్_ఏడీఈ
బిల్లు సగం అవుతుందన్న మాట మీద రెండు ముక్కలు. డ్యాంపర్ మూసి 38 ఆంపియర్లంటే సుమారు 22 కిలోవాట్లు. డ్యాంపర్ తెరిచి ఇదే గాలి 40 హెర్ట్జ్‌లో వస్తుందనుకోండి. స్పీడు 80 శాతమైతే పవర్ 51 శాతం, ఎందుకంటే ఫ్యాన్ పవర్ స్పీడు క్యూబ్ లెక్కన పడుతుంది. ఫుల్ స్పీడులో 28 కిలోవాట్లు తీసుకునే ఫ్యాన్ అయితే 14 చిల్లర, నష్టాలతో కలిపి 16 అనుకోండి. గంటకి 6 యూనిట్లు మిగులు. రోజుకి 16 గంటలు, నెలకి 25 రోజులు నడిస్తే 2400 యూనిట్లు. యూనిట్ ఏడున్నర వేసుకుంటే 18 వేలు. సీజన్ నెలలే లెక్కేసుకున్నా ఏడాదిన్నర లోపు డబ్బు తిరిగొస్తుంది. మంచి బేరమే. కానీ ఇది ఈ ఒక్క ఫ్యాన్ సంగతి, మిల్లు బిల్లు సగం కాదు.

రెండోది, స్టార్టింగ్ కరెంటు తగ్గుతుంది కాబట్టి ఎండీ (మాక్సిమం డిమాండ్) తగ్గుతుందని డీలర్లు చెప్తారు. నమ్మకండి. మీటర్ ఎండీని 15 నిమిషాలో అరగంటో సగటు తీస్తుంది. స్టార్ డెల్టా పది సెకన్ల గుంజుడు ఆ సగటులో కనపడదు. ఎండీ ఏమైనా తగ్గితే అది పైన చెప్పిన 6 కిలోవాట్ల వల్లే.

యాసంగి_మిల్లు
సార్ లెక్క మస్తుగ చెప్పిన్రు. మరి ఎలివేటర్ల సంగతి?

గోదారి_గట్టు
ఎలివేటర్‌కి వద్దండి బాబూ. బకెట్ ఎలివేటర్‌లో పైన డ్రమ్ము స్పీడుకే గింజలు బకెట్లోంచి ఎగిరి చూట్‌లో పడతాయి. స్పీడు తగ్గిస్తే చూట్ దాకా పోకుండా వెనక్కి జారి కింద బూట్‌లో (అడుగు తొట్టిలో) పడతాయి. కాసేపటికి బూట్ జామ్, బెల్టు స్లిప్. మా పక్క మిల్లులో ఎవరో చెప్పారని డ్రైవులు పెట్టి, ఇప్పుడు 50 హెర్ట్జ్‌లోనే నడుపుతున్నారు. అంటే స్టార్టర్‌గా వాడుతున్నారన్నమాట.

ప్యానెల్_బోర్డు
నిజం. పైగా ఎలివేటర్ కాన్‌స్టంట్ టార్క్ లోడ్. స్పీడు తగ్గినా ఫ్యాన్‌లా పవర్ క్యూబ్‌లో పడదు, సేవింగ్ ఏమీ ఉండదు. కరెంటు పోయి బకెట్లు నిండుగా ఆగాయంటే మళ్ళీ ఎత్తడానికి టార్క్ బాగా కావాలి, అక్కడ మాత్రం హెవీ డ్యూటీయే. పెట్టాల్సిన అవసరం వస్తే 10 హెచ్‌పీకి 7.5 కిలోవాట్ హెవీ రేటింగ్ చూడాలి.

కొత్త_డిప్లొమా
మరి పాలిషర్‌కి?

గోదారి_గట్టు
పాలిషర్‌లో బియ్యానికి సానబట్టేది ప్రెషర్, స్పీడు రెండూ. తగ్గిస్తే పాలిష్ పోద్ది. డ్రయ్యర్ బ్లోయర్‌కి పెట్టుకోండి, అది ఫ్యాన్ జాతే. బాయిలర్‌లోకి గాలి ఊదే ఎఫ్‌డీ ఫ్యానూ అంతే.

యాసంగి_మిల్లు
82 వేల డ్రైవ్ ప్లేటు ఫోటో వచ్చింది. పైన పెద్దక్షరాలతో 37 కిలోవాట్ అని ఉంది. కింద చిన్నగ ఇన్‌పుట్ 3 ఫేజ్ 380 వోల్టులు, ఔట్‌పుట్ 60 ఆంపియర్లు అని ఉంది.

ప్యానెల్_బోర్డు
అదీ సంగతి! నిజం 37 కిలోవాట్‌కి 72 నుంచి 75 ఉండాలి. అది 30 కిలోవాట్‌దే, స్టిక్కర్ 37. మోసం అనను, ప్లేటు మీద కరెంటు నిజమే రాశాడు, మనమే చదవం. ఇంకో ప్రశ్న అడుగు: లోపల డీసీ చోక్ (కరెంటు ముక్కలవడాన్ని తగ్గించే కాయిల్) ఉందా?

యాసంగి_మిల్లు
అడిగిన. "ఆప్షనల్ సార్" అన్నడు.

రాయి_రప్ప
ఆ ఆప్షనల్ అన్న మాట కాడే మా వాళ్ళ ఫ్యాక్టరీలో కెపాసిటర్లు పేలింది. మాది చీమకుర్తి, గ్రానైట్ పాలిషింగ్. మా బాబాయి వాళ్ళు చోక్ లేని డ్రైవులు వరసగా పెట్టుకుంటా పోయారు. ప్యానెల్లో పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్లు ఉబ్బిపోవటం, ఫ్యూజులు పోవటం. కెపాసిటర్ కంపెనీని తిట్టుకుంటా మార్చిందే మార్చటం. చివరికి ఒక ఇంజనీరు మీటరు పెట్టి చూస్తే ఐదో హార్మోనిక్ (50కి ఐదు రెట్లు, 250 హెర్ట్జ్ కరెంటు) గోల.

జుబైల్_నుంచి
మామూలు డ్రైవ్ లోపల ఉండేది ఆరు డయోడ్ల బ్రిడ్జి. అది కరెంటుని ముక్కలు ముక్కలుగా లాగుతుంది, అందులో 250 హెర్ట్జ్, 350 హెర్ట్జ్ ఎక్కువ. కెపాసిటర్‌కి ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఆ కరెంటు ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌తో రెజొనెన్స్ (ఒకదాన్నొకటి పెంచుకునే ఊగుడు) కలిసిందంటే ఇక చెప్పక్కర్లేదు. చోక్ ఉంటే హార్మోనిక్స్ సగానికి సగం పడిపోతాయి. డ్రైవులు ఎక్కువైతే కెపాసిటర్లకి 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లు వేయించాలి. అవి వేస్తే రెజొనెన్స్ 189 హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది, 250 జోలికి పోదు.

రిటైర్డ్_ఏడీఈ
కేవీఏహెచ్ బిల్లింగ్ (పవర్ ఫ్యాక్టర్ తగ్గితే బిల్లు పెరిగే పద్ధతి) వాళ్ళు ఇది ముఖ్యంగా చూసుకోవాలి. డ్రైవ్ కేటలాగులో పవర్ ఫ్యాక్టర్ 0.98 అని రాస్తారు, అది ఫండమెంటల్‌ది. చోక్ లేకపోతే మీటర్‌లో పడే అసలు పవర్ ఫ్యాక్టర్ చాలా తక్కువ. యూనిట్లు మిగిల్చి కేవీఏలో కట్టినట్టవుతుంది.

కాయిల్_మేస్త్రి
నేను రీవైండింగ్ పని. ఇందాక మిల్లాయన తన మోటారు పాతది, రీవైండింగ్ అయిందని రాసిండు, దాని మీద ఎవరూ మాట్లాడలే. డ్రైవ్ మీద కాలిన మోటారు మా షాపుకు వస్తే విప్పంగనే తెలుస్తది. లోడ్ ఎక్కువై కాలితే వైండింగ్ మొత్తం ఒక్క తీరుగ నల్లబడ్తది. డ్రైవ్ దెబ్బ అయితే అంతా మంచిగనే ఉండి, కనెక్షన్ తీగ దగ్గరి మొదటి కాయిల్‌లో ఒక్క కాడ చుట్టుకు చుట్టు కరిసి కన్నం పడి ఉంటది. వైరు మంచిదేసి, ఫేజు ఫేజుకు నడుమ పేపర్ వేసి, వార్నిష్ రెండుసార్లు ముంచి ఆరబెట్టిన మోటారైతే తట్టుకుంటది. తక్కువల చేసిచ్చిన మోటారు తట్టుకోదు. ఎవరు చేసిన్రో, ఏ వైరు వేసిన్రో అడిగి తెల్సుకో.

యాసంగి_మిల్లు
అన్నా, అంటే కొత్త మోటారు కొనాల్నా?

కాయిల్_మేస్త్రి
కొనమంటలేను. మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటరు) పట్టి చూపియ్యి ముందు. బాగుంటే నడిపియ్యి. కాలినప్పుడు ఇన్వర్టర్ గ్రేడ్ వైరుతో చేపియ్యి.

జుబైల్_నుంచి
మేస్త్రి గారు చెప్పినదానికి కారణం: 415 వోల్టుల సప్లైకి డ్రైవ్ లోపల డీసీ 560, 580 వోల్టులు. దాన్ని ఐజీబీటీలు (స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) సెకనుకి వేలసార్లు కొడతాయి. కేబుల్ పొడుగైతే ఆ దెబ్బ మోటారు దగ్గర తిరగబడి రెట్టింపు దాకా పోతుంది, వెయ్యి వోల్టుల పైమాటే. ఆ పోటు మొదటి కాయిల్ మీదే పడుతుంది. కాబట్టి నెక్స్ట్ ప్రశ్న: డ్రైవ్ ఎక్కడ పెడతారు? కేబుల్ ఎంత?

యాసంగి_మిల్లు
బాయిలర్ పక్క ప్యానెల్‌లో అయితే 8 మీటర్లు. ఎంసీసీ రూములో (మోటార్ల స్టార్టర్లన్నీ ఉండే రూము) పెడితే 60 మీటర్లు అయితది. రూముకు ఏసీ ఉన్నది.

బాయిలర్_ఫస్ట్‌క్లాస్
రూములోనే పెట్టండి, ఆలోచించకుండా. బాయిలర్ దగ్గర ఊక బూడిద ఎగురుతుంటుంది. సగం కాలిన ఊకలో కార్బన్ ఉంటుంది, అది డ్రైవ్ ఫ్యాన్ లాక్కుని లోపలి కార్డు (సర్క్యూట్ బోర్డు) మీద పేరుస్తుంది. వానాకాలం తేమ తగిలిందంటే అయిపోయినట్టే.

ప్యానెల్_బోర్డు
నా ఓటూ రూముకే. ఐపీ55 డ్రైవ్ తీసుకుని మోటారు పక్కనే పెట్టుకునే పద్ధతీ ఉంది, కానీ అది దుమ్మునే ఆపుతుంది, వేడిని కాదు. 60 మీటర్లకి ఔట్‌పుట్ చోక్ ఒకటి వేయి. పాత వైండింగ్ కాబట్టి ఆ వోల్టేజ్ పోటును మెత్తబరిచే డీవీ బై డీటీ ఫిల్టర్ అయితే ఇంకా మంచిది. క్యారియర్ ఫ్రీక్వెన్సీ (ఐజీబీటీలు కొట్టే వేగం) 4 కిలోహెర్ట్జ్ దాటనివ్వకు.

స్టార్‌డెల్టా_శీను
తక్కువ పెడితే మోటారు కీచుమంటది.

ప్యానెల్_బోర్డు
రైస్ మిల్లులో కీచుమనేది వినపడేంత నిశ్శబ్దం ఎప్పుడుంది శీనన్నా?

కొత్త_డిప్లొమా
వీఎఫ్‌డీ పెడితే బేరింగులు పోతాయి, సిరామిక్ బేరింగ్ వెయ్యాలి అని యూట్యూబ్‌లో చూశాను. నిజమా?

రాయి_రప్ప
నిజమే. మా కాడ ఒక పెద్ద మోటారు బేరింగ్ కోసి చూస్తే లోపల ట్రాక్ మీద గీతలు గీతలు, వాష్‌బోర్డు లాగా.

జుబైల్_నుంచి
నిజమే కానీ 30 కిలోవాట్‌కి సిరామిక్ అక్కర్లేదు. వెనక బేరింగ్ ఇన్సులేట్ చేయడం 100 కిలోవాట్ దాటిన మోటార్లకి మొదలవుతుంది. చిన్న వాటిలో బేరింగ్ పోయిందంటే చాలాసార్లు ఎర్తింగ్ దరిద్రమే. ఆర్మర్డ్ కేబుల్ గ్లాండు రెండు చివర్లా గట్టిగా బిగించి, మోటారు బాడీ నుంచి డ్రైవ్ ఎర్త్ బార్ దాకా సొంత ఎర్త్ వైరు లాగితే సగం గొడవ పోతుంది. పెయింటు మీద గ్లాండు బిగిస్తే అది ఎర్తింగ్ కాదు.

రాయి_రప్ప
మాది 110 కిలోవాట్ లెండి. అందుకే అయ్యుంటది.

యాసంగి_మిల్లు
రెండో డీలర్ కొటేషన్‌లో బ్రేకింగ్ రెసిస్టర్ అని 18 వేలు రాసిండు. అది కావాల్నా?

ప్యానెల్_బోర్డు
కొట్టేయి. అది క్రేన్లకి, లిఫ్టులకి, టకామని ఆపాల్సిన సెంట్రిఫ్యూజ్‌లకి. ఐడీ ఫ్యాన్‌ని వదిలేస్తే అదే తిరిగి తిరిగి ఆగుతుంది. స్టాప్ మోడ్ కోస్ట్‌లో పెట్టు. బలవంతంగా పది సెకన్లలో ఆపబోతే మోటారు జనరేటర్ అయి డీసీ బస్ ఓవర్‌వోల్టేజ్ ట్రిప్ కొడుతుంది.

స్టార్‌డెల్టా_శీను
సరే ఇంత చెప్తున్నరు కదా, డ్రైవ్ పాడైతే? సీజన్ల బాయిలర్ ఆగితే నానబెట్టిన వడ్లు వాసనొస్తయి. సర్వీసోడు హైదరాబాద్ నుంచి వచ్చేసరికి ఎల్లుండి.

యాసంగి_మిల్లు
గిదే నాకూ భయం.

ప్యానెల్_బోర్డు
శీను ఇప్పటిదాకా చెప్పినవాటిలో పనికొచ్చే మాట ఇదొక్కటే. ఉన్న స్టార్ డెల్టా పీకేయకు, బైపాస్‌గా ఉంచు. డ్రైవ్ వైపు మోటారుని డెల్టాలో కట్టాలి. డ్రైవ్ ఔట్‌పుట్ కాంటాక్టర్, బైపాస్ కాంటాక్టర్ రెండూ కలవకుండా ఎలక్ట్రికల్ ఇంటర్‌లాకూ మెకానికల్ ఇంటర్‌లాకూ రెండూ ఉండాలి. లైన్ కరెంటు వెనక నుంచి డ్రైవ్ ఔట్‌పుట్‌లోకి పోయిందంటే ఐజీబీటీలు ఫట్. వారంటీ కూడా ఇవ్వరు. ఇంకోటి, మీ మోటారుకి స్టార్టర్ దగ్గర కెపాసిటర్ కట్టి ఉంటుంది, చూడు.

యాసంగి_మిల్లు
ఉన్నది, 12 కేవీఏఆర్‌ది. మోటారు లైనుకే కట్టి ఉన్నది.

జుబైల్_నుంచి
డ్రైవ్ లైన్లోంచి అది తీసేయాలి, ఖచ్చితంగా. డ్రైవ్ ఔట్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటే స్టార్ట్ చేసిన క్షణమే ఓవర్‌కరెంట్. బైపాస్‌కి కావాలంటే బైపాస్ కాంటాక్టర్‌కి ముందు పెట్టించండి.

బాయిలర్_ఫస్ట్‌క్లాస్
బైపాస్ అంటే గుర్తొచ్చింది. ఎఫ్‌డీ ఫ్యాన్ ఇంటర్‌లాక్ ఇప్పుడు ఐడీ స్టార్టర్ కాంటాక్టర్ నుంచి తీసుకుని ఉంటారు. డ్రైవ్ పెట్టాక దాన్ని డ్రైవ్ రన్నింగ్ రిలేకి మార్చాలి, బైపాస్‌లో నడిస్తే బైపాస్ కాంటాక్టర్ నుంచి. ఐడీ ట్రిప్ అయి ఎఫ్‌డీ నడుస్తూ ఉంటే ఫర్నేస్ లోపల ప్రెషర్ పెరిగి ఊక తలుపులోంచి మంట బయటికి కొడుతుంది. ముందు నిలబడి ఊక ఎగదోసే మనిషి మొహం మీదికి. డ్రైవ్ కంపెనీ వాళ్ళకి ఇది పట్టదు, ప్యానెల్ వాళ్ళు మర్చిపోతారు, కాబట్టి నువ్వే దగ్గరుండి ట్రిప్ కొట్టించి ఎఫ్‌డీ ఆగుతుందో లేదో చూసుకో. పొగ ఉన్నప్పుడు కాదు, చల్లగా ఉన్నప్పుడు.

యాసంగి_మిల్లు
ఇది ముగ్గురు డీలర్లలో ఒక్కడు కూడా చెప్పలే సార్.

కొత్త_డిప్లొమా
ప్రెషర్ బట్టి ఫ్యాన్ స్పీడు ఆటోమేటిక్‌గా మారేలా పెట్టొచ్చు కదా? డ్రైవ్‌లోనే పీఐడీ (ఆటోమేటిక్ కంట్రోల్) ఉంటుందిగా.

ప్యానెల్_బోర్డు
పెట్టొచ్చు. ఫర్నేస్‌కి 4 నుంచి 20 మిల్లీఆంప్స్ ఇచ్చే డ్రాఫ్ట్ ట్రాన్స్‌మిటర్ పెట్టి, మైనస్ 3, 4 మిల్లీమీటర్ల నీటి ప్రెషర్ దగ్గర నిలబెట్టమంటే డ్రైవే చూసుకుంటుంది. అయితే ఊక బూడిదకి ట్యాపింగ్ పైపు పూడుకుపోతూ ఉంటుంది. మొదటి సీజన్ చేత్తోనే నడపండి, ఫైర్‌మన్ దగ్గర ఒక పొటెన్షియోమీటర్ పెట్టండి చాలు. తర్వాత చూద్దాం.

గోదారి_గట్టు
బ్రాండ్ సంగతి ఎవరూ చెప్పలేదేంటండీ? అసలు అడిగింది అదే కదా. ఏబీబీ, డాన్‌ఫాస్, సీమెన్స్, ష్నైడర్, యాస్కావా, డెల్టా, ఏది?

స్టార్‌డెల్టా_శీను
మొదలుపెట్టిన్రు. ఇగ ఇరవై పేజీలు.

జుబైల్_నుంచి
డాన్‌ఫాస్ వాళ్ళు 1968లోనే వీఎల్‌టీ అని ఫ్యాక్టరీలో వరసబెట్టి డ్రైవులు తయారుచేయడం మొదలుపెట్టారు, మిగతా పెద్ద కంపెనీలూ దశాబ్దాలుగా ఇదే పనిలో ఉన్నాయి. నువ్వు అడిగిన ఐదారు పేర్లలో ఏది పెట్టినా ఫ్యాన్ తిప్పడానికి తేడా తెలీదు. తేడా తెలిసేది చోక్ లోపల ఉందా, కార్డులకి కోటింగ్ ఉందా, మీ ఊళ్ళో ఆ కీప్యాడ్ తెలిసినవాడు ఉన్నాడా అన్న దగ్గరే.

కాయిల్_మేస్త్రి
మిర్యాలగూడల పక్క మిల్లులల్ల ఏదుందో సూడు. అదే పెట్టు. స్పేర్ కార్డు అడుక్కోవచ్చు.

ప్యానెల్_బోర్డు
మేస్త్రి మాటకి నా ఓటు. కొనేటప్పుడు డబ్బా మీద తయారీ తేదీ కూడా చూసుకోండి. డీలర్ గోడౌన్‌లో ఏడాదికి పైగా పడున్న డ్రైవ్‌కి ఒక్కసారిగా ఫుల్ వోల్టేజ్ ఇస్తే లోపలి డీసీ కెపాసిటర్లు పోయే ప్రమాదం ఉంది. ముందు కొద్దికొద్దిగా వోల్టేజ్ ఇచ్చి రీఫార్మ్ చేయాలి.

యాసంగి_మిల్లు
పక్క రెండు మిల్లులు అడిగి వచ్చిన. ఇద్దరి దగ్గర ఒకటే కంపెనీది ఉన్నది, ఎలక్ట్రీషియన్ కూడా ఒక్కడే. ఆ కంపెనీ 30 కిలోవాట్ నార్మల్ డ్యూటీ, ఔట్‌పుట్ 61 ఆంపియర్లు, చోక్ లోపలనే, కార్డులకు కోటింగ్. రెసిస్టర్ తీసేపిచ్చి, ఔట్‌పుట్ చోక్ కలిపిచ్చి, లక్షా 48 వేలకు తెంపిన. ఏసీ రూముల పెడుతున్న. ఎలివేటర్లకు వద్దన్న. సెట్టింగులు ఏం పెట్టాలెనో ఒకసారి చెప్పుర్రి, ప్రింటు తీసి ఆ పిలగానికి ఇస్త.

ప్యానెల్_బోర్డు
మోటారు కరెంటు 53, 1470 ఆర్‌పీఎం, 50 హెర్ట్జ్ నేమ్ ప్లేట్‌లో ఉన్నట్టే. వీ బై ఎఫ్ కర్వ్ (ఏ హెర్ట్జ్‌కి ఎంత వోల్టేజ్ అన్నది) స్క్వేర్‌ది. యాక్సిలరేషన్ 60 సెకన్లు. స్టాప్ కోస్ట్. మినిమమ్ 20 హెర్ట్జ్, అంతకంటే కిందికి పోతే మోటారు సొంత ఫ్యాన్ గాలి చాలదు. ఫ్లయింగ్ స్టార్ట్ ఆన్‌లో ఉండాలి, ఎందుకంటే చిమ్నీ లాగుడుకి ఆపిన ఫ్యాన్ కూడా తిరుగుతూనే ఉంటుంది, తిరుగుతున్న దాన్ని పట్టుకోలేకపోతే ట్రిప్. కరెంట్ లిమిట్ 53. మొదటిసారి 20 నుంచి 50 దాకా మెల్లగా పెంచుతూ పక్కన నిలబడు, ఎక్కడన్నా ఫ్యాన్ బేస్ వణికితే ఆ హెర్ట్జ్ రాసుకుని స్కిప్ ఫ్రీక్వెన్సీలో పెట్టించు, డ్రైవ్ అక్కడ నిలవకుండా దాటేస్తుంది.

బాయిలర్_ఫస్ట్‌క్లాస్
దాంతోపాటు ఎఫ్‌డీ ఇంటర్‌లాక్ టెస్టు. ప్రింటులో అదే మొదటి లైను రాయి.

యాసంగి_మిల్లు
రాసిన సార్. ఎర్ర పెన్నుతోని.

పత్తి_జిన్నింగ్
ఇదే చోట అడుగుతున్నా ఏమనుకోకండి. బోరులో 20 హెచ్‌పీ సబ్‌మర్సిబుల్ ఉంది, 500 అడుగుల లోతు. దానికీ ఇదే డ్రైవ్ 15 కిలోవాట్‌ది పెట్టొచ్చా?

జుబైల్_నుంచి
సబ్‌మర్సిబుల్ మోటారు అదే హెచ్‌పీకి పైన ఉండే మోటారు కంటే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, కాబట్టి 15 అని కళ్ళు మూసుకుని కొనకు, నేమ్ ప్లేట్ ఆంపియర్లు చూడు. 150 మీటర్లు దాటిన కేబుల్‌కి ఫిల్టర్ లేకుండా నడపకు. 30 హెర్ట్జ్ కంటే తక్కువలో నడపకు, థ్రస్ట్ బేరింగ్‌కి నీటి పొర నిలవదు. మిగతాది కొత్త థ్రెడ్ తెరిచి అడుగు, ఇక్కడ మిల్లు అన్న వాళ్ళ ఫ్యాన్ ఇంకా తిరగలేదు.

స్టార్‌డెల్టా_శీను
బోరుకు కూడా స్టార్ డెల్టానే బెస్టు.